నవ్వు మధ్యలో చుక్క

వీసా కాదు సార్! వీసా కాదని ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నాను కదా. ఆ కాగితాలు సొరుగులో పెట్టేయండి. మీ దేశం చూడాలని నేను రాలేదు. అది సముద్రంలో ఏ మూలనుందో కూడా నాకు తెలీదు. నాకు కావలసింది మీ దేశం పేరు మీద ఉన్న రెండక్షరాలు.

అలా చూడకండి. మతి ఉండే మాట్లాడుతున్నాను.

కింద కౌంటర్లో అమ్మాయి కూడా ఇలాగే చూసింది. "టైల్స్ వంటింటికా, బాత్రూంకా?" అంది. ఫలానా దేశం కాన్సుల్ గారు కావాలమ్మా అంటే, "ఆయనా ఈయనా ఒకరేనండీ, మేడ మీదకెళ్ళండి" అంది. పైకొస్తే ఒక గోడకి జెండా, ఇంకో గోడకి టైల్స్ నమూనాలు. సరే, ఎవరైతేనేం, అడగడానికి మనిషంటూ దొరికారు కదా అనుకున్నాను.

చెప్తాను, చెప్తాను. వరసగానే చెప్తాను. మా తమ్ముడు తప్పిపోయాడు సార్.

ఇదిగో, ఇదేనన్నమాట మీరనేది. "పోలీసులకి చెప్పారా?" చెప్పాం. ఫొటో తీసుకున్నారు. వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు. కానీ మావాడు దొరక్కపోవడానికి కారణం మీ రెండక్షరాలు. మీ తప్పని అనట్లేదు, బాబోయ్, అనట్లేదు. వినండి.

మాది బట్టలుతికి ఇస్త్రీ చేసే షాపు. నేనూ, మా చంటీ. చంటి అంటే చిన్నపిల్లాడనుకునేరు, చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి వాడికి. మనసే ఎదగలేదు. అమ్మా నాన్నా పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. షాపులో హ్యాంగర్ల పని వాడిది. కొక్కేలన్నీ ఒకేవైపు తిరిగి ఉండాలి. ఒక్కటి ఎదురు తిరిగిందా, ఇక వాడికి ముద్ద దిగదు.

మాటలు తక్కువ. నవ్వు ఎక్కువ. ఎవరైనా "నవ్వు" అంటే చాలు, మొహమంతా నోరు చేసుకుని నవ్వుతాడు. చిన్నప్పుడు ఫొటో తీసేవాడు నేర్పాడు ఆ మాట. ఇప్పటికీ అంతే.

ఇంకో పిచ్చి, బస్సులు. తలుపు తెరిచిన బస్సు కనిపిస్తే ఎక్కేస్తాడు. కిటికీ పక్కన కూర్చుని, అది ఎక్కడ ఆగిపోతే అక్కడ దిగుతాడు. దిగాక ఎటెళ్ళాలో తెలీదు.

అదే, మెడలో చీటీ వెయ్యొచ్చు కదా అంటారు. అందరూ అదే అంటారు సార్! మెడలో, చేతికి, నడుముకి, ఏది కట్టినా తెంపేస్తాడు. కొత్త చొక్కా కొంటే కాలరు వెనక కంపెనీ గుడ్డముక్క కూడా నేను ముందే కత్తిరించాలి. లేకపోతే చొక్కానే చింపేస్తాడు. ఒంటికేదీ తగలకూడదు. ఫోన్ నంబరు బట్టీ పట్టించాం. అంకెలన్నీ చెప్తాడు, తనకి తోచిన వరసలో!

అప్పుడు మా ఆయనకి తట్టింది ఈ చుక్క సంగతి.

మా ఆయన ఫోన్లు బాగుచేస్తాడు. పైకి రమ్మంటే రాలేదు, మీ మెట్ల కింద కూర్చున్నాడు. ఆ పేరు తను పెట్టిందే కదా, మొహం చెల్లట్లేదు. మంచి హుషారైన మనిషి సార్. ఇప్పుడు చూస్తే నమ్మరు గానీ, ఈ దేశాల అక్షరాల మీద ఎంత సరదా పడేవాడో! ఇంటర్నెట్లో అడ్రసు చివర, చుక్క తర్వాత, ఒక్కో దేశానికి రెండేసి అక్షరాలుంటాయట. మొరాకో వాళ్ళది ఎమ్, ఏ అట. ముందు "అమ్" అని కొట్టి చుక్క పెడితే? అమ్మ! నమీబియా వాళ్ళది ఎన్, ఏ. అది నాన్న. లక్సెంబర్గ్ అని చిన్న దేశం ఉందట, వాళ్ళది ఎల్, యూ. ఇక చూస్కోండి, చెప్పులు, కళ్ళు, పళ్ళు, దోమలు, మన భాషలో ఒకటి కంటే ఎక్కువున్నవన్నీ వెళ్ళి ఆ దేశంలోనే పడతాయి. రష్యా వాళ్ళ దగ్గర "గారు" ఉందట, మర్యాదంతా వాళ్ళ సొత్తేనని నవ్వేవాడు. "నేను" అనాలంటే నియూ అనే దీవి పర్మిషన్ కావాలట!

అన్నం తింటూ ఇదే గోల. "ఏమేవ్, ప్రపంచమంతా తెలుగే మాట్లాడుతోంది, వాళ్ళకే తెలీదు" అనేవాడు.

మీ దేశందీ చెప్పాడు, వీ, యూ అట. పువ్వు మీ దగ్గరే ఉంది. నువ్వు మీ దగ్గరే ఉంది. నవ్వు మీ దగ్గరే ఉంది. ఆ మూడోది చెప్పగానే చంటి పళ్ళెం ముందు కూర్చుని నవ్వాడు. మా ఆయన ముద్ద అలాగే పట్టుకుని ఉండిపోయాడు. "వాడికి గుర్తుండే అడ్రసు ఇదొక్కటేనే" అన్నాడు.

అలా కొన్నాం సార్ ఆ పేరు. ఎన్, ఏ, వీ, చుక్క, వీ, యూ. తెరిస్తే పసుపురంగు పేజీ, మధ్యలో మావాడి ఫొటో. కింద ఒకే మాట: "ఈ నవ్వు మాది. కనబడితే దయచేసి ఫోన్ చెయ్యండి." మా నంబరు, షాపు అడ్రసు. అంతే.

నేర్పడానికి నా ప్రాణం పోయింది. ఇస్త్రీ మిషన్ దించినప్పుడల్లా ఒక అక్షరం. ఎన్. ఏ. వీ. ఆవిరి బుస్సుమన్నప్పుడు, చుక్క! మళ్ళీ వీ. యూ. ఒక వానాకాలం మొదలుపెడితే తర్వాతి వానాకాలానికి వచ్చింది. ఒక్కసారి వచ్చాక ఇక చూడండి, పాటే! "నువ్వెవరు బాబూ?" అని ఎవరడిగినా, "నవ్వు, ఎన్నేవీ చుక్క వీయూ." ఇల్లెక్కడ? ఎన్నేవీ చుక్క వీయూ. ఆకలేస్తోందా? అదే.

పని చేసింది సార్. చక్కగా పనిచేసింది. ఒకసారి మంగలి షాపాయన ఫోన్ చేశాడు. "మీ నవ్వు ఇక్కడ నా కుర్చీలో కూర్చుంది, రండి" అని. గడ్డం కూడా గీసి పెట్టాడు. ఇంకోసారి ఆసుపత్రి నర్సమ్మ. ఇంకోసారి బస్సు డ్రైవరే తిరుగు బస్సులో తెచ్చి దించాడు. ఎవరో ఒకరు అడుగుతారు, వాడు పాట పాడతాడు, వాళ్ళు ఫోన్లో కొడతారు, వాడి మొహం కనిపిస్తుంది, నాకు ఫోనొస్తుంది. మేం ధైర్యంగా ఉండటం నేర్చుకున్నాం.

పోయిన వారం ఒకాయన కోటు మీద మరక పోలేదని షాపులో నిలబడి అరుస్తున్నాడు. ఆయనకి సమాధానం చెప్పి తిరిగి చూస్తే చంటి లేడు. ఎదురుగా బస్సు కదిలిపోతోంది.

నేను గాభరా పడలేదు సార్. నిజం. "మీ తమ్ముడు ఫోన్ చేయిస్తాడ్లే" అన్నాడు మా ఆయన కూడా. ఫోన్ బల్ల మీద పెట్టుకుని ఇస్త్రీ చేసుకుంటున్నాను. మోగలేదు. సాయంత్రమైంది. మోగలేదు. నేనే చార్జింగ్ చూసుకున్నాను, పక్క షాపు నుంచి నాకు నేనే రింగ్ ఇచ్చుకున్నాను. బానే ఉంది.

మర్నాడు మా ఆయనకి ఎందుకో అనుమానం వచ్చి పేజీ తెరిచాడు.

ఓడ సార్. పసుపురంగు లేదు, మావాడు లేడు. నీలం సముద్రం, దాని మీద ఇంత పెద్ద ఓడ!

పేరు మాకు అమ్మిన కంపెనీ మూతపడిపోయిందట. మాకొక్క ముక్క చెప్పలేదు. వాళ్ళు మూసేసరికి పేరు ఊడిపోయింది, ఊడిన పేరు ఎవరైనా పట్టుకుపోవచ్చట. ఓడల కంపెనీవాళ్ళు పట్టుకుపోయారు. ఓడలకి దారి చూపించే మిషన్లు చేస్తారట వాళ్ళు. మా నవ్వులో మొదటి సగానికి, ఆ ఎన్నేవీకి, వాళ్ళ భాషలో దారి చూపించడమని అర్థమట సార్! దొంగతనం కాదు, మోసం కాదు. ఖాళీగా కనబడింది, కొనుక్కున్నారు. ఎవర్ని తిట్టాలో చెప్పండి?

నీళ్ళొద్దండి. తర్వాత తాగుతాను.

వాడి ఫొటో పట్టుకుని బస్టాండ్లన్నీ తిరిగాం. ఒకచోట టికెట్లిచ్చే ఆవిడ చూడగానే గుర్తుపట్టింది. మొహం వెలిగిపోయింది ఆవిడకి. "అయ్యో, ఈయనా! భద్రంగా పంపించేశానమ్మా" అంది. ఎక్కడికి పంపించావు తల్లీ? "హార్బరుకి!"

వాడు పాట పాడాడు. ఆవిడ కొట్టింది. ఓడ కనిపించింది. పాపం, ఓడలో పనిచేసేవాడేమో, దెబ్బతగిలి మతి చలించిందేమో అనుకుంది. తన డబ్బాలో అన్నం తినిపించి, హార్బరు బస్సెక్కించి, "గేటు దగ్గర దించు బాబూ" అని డ్రైవరుకి అప్పగించింది. నా చెయ్యి పట్టుకుని, "చేరాడా?" అని అడుగుతోంది సార్. ఏమనాలి ఆవిణ్ణి? దణ్ణం పెట్టి వచ్చాను.

హార్బరుకెళ్ళాం. మీరు చూసే ఉంటారు, ఊరంత గోడ. లోపలికి ఎవర్నీ పోనివ్వరు. లారీలు, లారీలు, లారీలు. వాటి మీద ఇనుప డబ్బాలు. ఆ లారీల మధ్య వాణ్ణి ఊహించుకోండి. చక్రాలున్నది ఏది కనబడ్డా ఎక్కేవాణ్ణి!

వాచ్‌మన్ చెప్పాడు, ఒకాయన వచ్చి నవ్వుతూ ఇంగ్లీషు అక్షరాలు చెప్పాడమ్మా, పాస్ లేదు కాబట్టి పంపించేశాను అని. ఎటు పంపించావు? చెయ్యి ఊపాడు. అటు. ఆ అటు అనే వైపు రోడ్డుంది, లారీల అడ్డా ఉంది, రైలు పట్టాలున్నాయి, సముద్రముంది.

గోడ వెంట నడిచాం. "చంటీ" అని అరిస్తే లారీల హారన్లలో నాకే వినబడలేదు. మా ఆయన గొంతు పోయింది. ఇప్పుడు సైగలే చేస్తున్నాడు.

ఓడల కంపెనీకి రాశాం సార్. రాయకుండా ఉంటామా? మీ పేరు మీరే ఉంచుకోండి, మీ ఓడ పక్కన ఒక మూల, గోరంత జాగాలో మావాడి ఫొటో పెట్టండి, వాడు దొరికిందాకా పెట్టండి, మీ కాళ్ళు పట్టుకుంటాం అని. క్షణంలో జవాబొచ్చింది. ఏమనో తెలుసా? "మీ సందేశం అందింది. మీ సముద్ర ప్రయాణం సుఖంగా సాగాలని కోరుతున్నాం." మిషను పంపే జవాబట. మళ్ళీ రాశాం. మళ్ళీ సుఖంగా సాగాలన్నారు.

అందుకే మీ దగ్గరికొచ్చాను. అక్షరాలు మీవి కదా. ఇంటివాళ్ళు అద్దెకున్నవాళ్ళతో ఒక మాట చెప్పలేరా? మీ రాజుగారో, అధ్యక్షుడుగారో, ఎవరుంటే వారు...

ఏంటి? మీరెప్పుడూ వెళ్ళలేదా? మీరే? ఆ దేశానికి?

మరి ఆ జెండా? ఆ స్టాంపులు?

ఓహో. గౌరవ పదవి. జీతం లేదు. ఎవరైనా వీసా అడిగితే కాగితాలు పంపిస్తారు, ఏడాదికోసారి విందుకి పిలుస్తారు. సరే సార్. మీ తప్పేముంది.

అంటే ఆ అక్షరాల వ్యవహారం చూసే ఆఫీసు వేరు. పేరు అమ్మినవాడిది ఇంకో దేశం. కొన్నవాడిది మరో దేశం. వాళ్ళెవరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఇన్ని దేశాలు కలిసి చేసిన పని, తప్పిపోయింది మాత్రం నా తమ్ముడు!

రాస్తానంటారా? రాయండి. ఎన్నాళ్ళు పడుతుంది? ... ఎన్నాళ్ళో చెప్పలేరు. ఊఁ.

నేను ఏడవట్లేదు. ఇస్త్రీ ఆవిరికి కళ్ళెప్పుడూ ఇలాగే ఉంటాయి.

నన్ను తినేసేది ఏంటో తెలుసా సార్? చెడ్డవాళ్ళయితే వాణ్ణి పట్టించుకోరు. "పో" అంటారు. వాడు ఆ బస్టాండు బెంచీ మీదే కూర్చుని ఉండేవాడు, మేం వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. మంచివాళ్ళు తగిలారు. ఆగి అడిగారు, ఓపిగ్గా విన్నారు, ఫోన్ తీసి కొట్టారు. ఎంత మంచివాళ్ళు దొరికితే వాడు అంత దూరమైపోతున్నాడు. ఇప్పుడు నేనేమని దణ్ణం పెట్టుకోను? మా తమ్ముడికి జాలిలేని మనుషులే ఎదురవ్వాలనా?

ఏ హార్బరంటారేంటి? మనకున్నది ఒకటే కదా. అవును, ఆ దక్షిణం గేటు. ఎందుకడుగుతున్నారు?

మీ టైల్స్ అక్కడే దిగుతాయా!

ఎవరు, ఏజెంటా? లోపలికెళ్ళే పాస్ ఉందా అతనికి? రోజూ తిరుగుతాడా? చెయ్యండి సార్! చెయ్యండి, చెయ్యండి! ఇదిగో ఫొటో, పంపించండి. చెవుల దగ్గర నెరిసిందని చెప్పండి. నీలం చొక్కా. చెప్పుల్లో ఎడమదానికి పట్టీ తెగితే నేనే కుట్టాను. గట్టిగా మాట్లాడితే బెదిరిపోతాడని చెప్పండి. ముట్టుకోవద్దని చెప్పండి. "నవ్వు" అనమనండి సార్. నవ్వు అంటే నవ్వినవాడు మావాడే!

...

కూర్చోలేను. నిలబడే ఉంటాను. ఈ టైల్స్ మీద పువ్వులు బావున్నాయి. ఏదో ఒకటి మాట్లాడకపోతే గుండె ఆగేట్టుంది, ఏమనుకోకండి. ఎంతమందిని అడుగుతాడతను? లారీవాళ్ళని కూడా అడుగుతాడు కదా? రైలు పట్టాల వైపు కూడా... వద్దులెండి.

మోగింది! ఎత్తండి, ఎత్తండి!

ఏమంటున్నాడు? మీ మొహం చూస్తే నాకర్థం కావట్లేదు. మంచా, చెడా?

ఉన్నాడా?

లారీడ్రైవర్ల క్యాంటీన్లోనా? వంటింట్లో? కప్పుల చెవులన్నీ ఒకేవైపు తిప్పి పెడుతున్నాడా? వాడే! అయ్యో, వాడే సార్! ఇక చొక్కా అడగక్కర్లేదు, చెప్పులు అడగక్కర్లేదు!

ఏమండీ! ఏమండోయ్! పైకి రండి, చంటి దొరికాడు! ... వినబడలేదేమో. కింద కౌంటర్లో అమ్మాయిని చెప్పమనండి. గొంతు లేదు కానీ చెవులున్నాయి ఆయనకి.

వాళ్ళూ ఆ అక్షరాలు కొట్టారటా? ఓడ కనబడిందటా? కంపెనీకి ఫోన్ చేస్తే మా మనిషి కాదన్నారా? మరి? మరి ఏం చేశారు? ... ఊరికే ఉంచుకున్నారా. అన్నం పెట్టి. చల్లగా ఉండాలి వాళ్ళు.

మాట్లాడొచ్చా? ఇవ్వండి. ఇలా పట్టుకోవాలా? వాడి చెవి దగ్గర పెట్టమనండి. చెవికి తగలకుండా, కొంచెం దూరంగా.

చంటీ! ఒరేయ్ చంటీ, అక్కనిరా. అక్కని. వినబడుతోందా నాన్నా? బావా నేనూ వస్తున్నాం. అక్కడే ఉండు. కదలకు. బస్సు వచ్చినా ఎక్కకు. చంటీ? అక్కనిరా, షాపులో అక్కని. ఇస్త్రీ అక్కని...

కాదురా. నాకెందుకురా అది? నేను అక్కనిరా. నాకు తెలుసురా ఇల్లు. నాకు చెప్పక్కర్లేదురా...

తీసుకోండి సార్ ఫోను. మీరే మాట్లాడండి, వస్తున్నామని చెప్పండి.

ఏమన్నాడా? ఎన్నేవీ చుక్క వీయూ అన్నాడు. నాకే చెప్పాడు సార్. ఇన్నాళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు, నాతో అనాల్సిన అవసరమే రాలేదు వాడికి. దారినపోయేవాళ్ళకి చెప్తాడు, ఇంటికి చేర్చమని. ఇందాక ఫోన్లో నేనూ వాళ్ళలో ఒకదాన్నే. ఆగకుండా చెప్తున్నాడు. ఎంతమందికి చెప్పాడో, ఎన్నిసార్లు చెప్పాడో, గొంతు బొంగురుపోయింది.

లేదు లేదు, సంతోషమే. ప్రాణాలతో ఉన్నాడు. ఇంకేం కావాలి? మీ మేలు మర్చిపోను. కాన్సుల్ గారి కోసం వస్తే టైల్స్ షాపాయన కాపాడారు.

ఆ ఉత్తరమా? మీ ఇష్టం సార్. రాసినా వాళ్ళివ్వరు. ఇంకో పేరు కొని ఇంకో పాట నేర్పుదామంటాడు మా ఆయన, నాకు తెలుసు. వాడికి కొత్తది ఎక్కదు, పాతది పోదు. ఎవరడిగినా అదే చెప్తాడు. కొట్టినవాళ్ళకి ఓడే కనిపిస్తుంది.

ఏం చేస్తాం. వాడు చెప్తున్నప్పుడల్లా పక్కన నేను నిలబడి, "కాదండీ, మావాడు" అనాలి. నేనున్నన్నాళ్ళూ అంటాను. ఆ తర్వాత సంగతి ఏ దేశంవాళ్ళని అడగమంటారు?

ఉంటాను సార్. బస్సు పోతుంది.